డీ అండ్ డీని ఇవాళ్టి హైదరాబాద్‌లో ఆడాలంటే: రూల్సు మార్చుకునే పద్ధతి, వరసగా

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే కత్తులు, మంత్రాల పాతకాలపు లోకంలో ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలో పాత్రగా మాట్లాడుతూ, గెలుపోటములు పాచికలతో తేల్చుకునే ఆట. అది ఆడేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఇదే ఆటని ఇప్పటి కాలంలో, మన ఊళ్లో పెట్టి ఆడాలంటే ఏం మార్చాలి?" చాలామంది అప్పటికే సగం పని చేసి వస్తారు. ఆ సగం ఎప్పుడూ తుపాకుల పట్టికే.

తుపాకులు తేలిక. చిక్కంతా వేరే చోట ఉంది. మామూలు ఆటలో గుహలోకి దిగిన నలుగురు పాత్రలకీ బయటి లోకంతో సంబంధం తెగిపోతుంది. సాయం రాదు, ఎవరూ చూడరు, మర్నాడు ఎవరూ వచ్చి అడగరు. ఆట రూల్సన్నీ ఈ మూడింటి మీదే నిలబడ్డాయి. హైదరాబాద్‌లో ఈ మూడూ దొరకవు.

ఈ సంగతి నాకు మొదటి సెషన్‌లోనే తెలిసొచ్చింది. వికారాబాద్ దారిలో పాత బంగళా, లోపల ఎవరో ఎత్తుకొచ్చిన పిల్లాడు, నేలమాళిగలో ఘూల్స్ (శవాల్ని తినే పిశాచాలు). మూడు వారాలు కూర్చుని మ్యాపు గీశాను. గేటు దగ్గరే మా రోగ్ (దొంగ పాత్ర ఆడేవాడు) పాచికలు పక్కన పెట్టాడు. "అన్నా, 112కి కొడుతున్నా. పిల్లాడు లోపలున్నాడు, అడ్రస్ ఇదీ అని చెప్తా." అతను చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఇరవై నిమిషాల్లో ఆట అయిపోయింది, తర్వాత బిర్యానీ తిని ఇళ్లకెళ్లారు.

కింది లెక్కలన్నీ 2014 నాటి ఐదో ఎడిషన్‌వి. వేరే ఎడిషన్ ఆడేవాళ్లు అంకెలు సరిచూసుకోండి, వరస మాత్రం అదే.

## 1. పాచిక పట్టుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటి ప్రశ్న మాయ గురించి. మంత్రాలున్నాయని ఊరందరికీ తెలుసా, కొద్దిమందికే తెలుసా, అసలు లేవా? మూడింటికీ మూడు వేరే ఆటలు వస్తాయి.

మొదటిసారైతే "కొద్దిమందికే తెలుసు" తీసుకోండి. అందరికీ తెలుసంటే బ్యాంకులు, కోర్టులు, ఎన్నికలు, అన్నీ మళ్లీ కొత్తగా ఊహించాలి. ఆ పని ఆర్నెల్లు పడుతుంది. అసలు లేవంటే విజర్డ్ (మాంత్రికుడు), క్లెరిక్ (పూజారి), డ్రూయిడ్ లాంటి మంత్రాల పాత్రలన్నీ తీసేయాలి. అలాంటప్పుడు వేరే ఆట ఆడుకోవడమే మేలు.

రెండోది చోటు. మీరు రోజూ తిరిగే ఊరే పెట్టండి. న్యూయార్క్ పెడితే ప్రతి సందుకీ ఫోన్‌లో మ్యాపు తెరవాలి. బేగంబజార్ అంటే మాత్రం టేబుల్ చుట్టూ ఉన్న ఐదుగురికీ ఆ ఇరుకు, ఆ హోల్‌సేల్ కొట్లు, ఆ హమాలీలు వెంటనే కళ్ల ముందుకొస్తాయి. మీరు వర్ణించాల్సిన పని ఉండదు.

మూడోది లెవెల్ (పాత్ర బలం పెరిగే మెట్టు) పరిమితి. ఆరు దాటనివ్వకండి. తొమ్మిదో లెవెల్‌కి క్లెరిక్ రోజుల కిందట చచ్చినవాణ్ని కూడా లేపుతాడు, పదమూడుకి విజర్డ్ దేశంలో ఎక్కడికైనా క్షణంలో వెళ్తాడు. ఆ తర్వాత వర్తమానం వర్తమానంలా మిగలదు.

ఆటగాళ్లతో ముందే మాట్లాడుకోవాల్సినవి:

- మీ పాత్ర ఉద్యోగం ఏమిటి? సెలవు ఎవరిస్తారు?
- ఇంట్లో ఎవరెవరున్నారు? రాత్రి రెండింటికి ఇంటికొస్తే అడిగేదెవరు?
- మాయ ఉందని మీకు ఎలా తెలిసింది?
- పోలీసులకి చెప్పకుండా ఉండడానికి మీకున్న సొంత కారణం ఏమిటి?

చివరి ప్రశ్నకి జవాబు లేని పాత్రని ఆటలోకి రానివ్వకండి. నా వికారాబాద్ బంగళాని అది కాపాడేది.

## 2. ముట్టుకోకూడనివి

ఆరు ఎబిలిటీలు (బలం, చురుకు, తెలివి లాంటివి), డీ20 (ఇరవై ముఖాల పాచిక), ప్రొఫిషియెన్సీ బోనస్ (పాత్రకి బాగా వచ్చిన పనికి కలిపే అంకె), సేవింగ్ త్రోలు (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచిక), అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం). వీటి జోలికి వెళ్లొద్దు. ఆట ఇంజను ఇదే. పైన బాడీ మారిస్తే చాలు, ఇంజను విప్పితే మళ్లీ బిగించలేరు.

ఆయుధాల అంకెలు అలాగే ఉంచి పేర్లు మార్చండి (1డీ4 అంటే నాలుగు ముఖాల పాచిక ఒకటి, దెబ్బ ఎంతో అది చెబుతుంది):

- డాగర్ (1డీ4): వంటింటి కత్తి
- క్వార్టర్‌స్టాఫ్ (1డీ6, రెండు చేతులతో 1డీ8): లాఠీ, వెదురు కర్ర
- గ్రేట్‌క్లబ్ (1డీ8): క్రికెట్ బ్యాటు
- లాంగ్‌స్వోర్డ్ (1డీ8, రెండు చేతులతో 1డీ10): వేటకొడవలి
- స్లింగ్ (1డీ4): ఒడిసెల, పేరు కూడా మార్చక్కర్లేదు

మనుషులైన శత్రువులకి కొత్త అంకెలు రాయకండి. ఏసీ అంటే దెబ్బ తగలాలంటే కొట్టేవాడి పాచిక అందుకోవాల్సిన అంకె, హెచ్‌పీ (హిట్ పాయింట్లు) అంటే తట్టుకోగల దెబ్బల మొత్తం. థగ్ (ఏసీ 11, హెచ్‌పీ 32) అంటే రౌడీ షీటరే. బ్యాండిట్ (ఏసీ 12, హెచ్‌పీ 11) గల్లీ కుర్రాడు. స్పై (ఏసీ 12, హెచ్‌పీ 27) మఫ్టీలో ఉన్న మనిషి. వెటరన్ (ఏసీ 17, హెచ్‌పీ 58) మాజీ కమాండో. ఇవన్నీ 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదలైన ఉచిత రూల్స్‌లో ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుంది.

## 3. ఫోను: అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఇదే

సెండింగ్ అనే మూడో లెవెల్ స్పెల్ (మంత్రం) ఇరవై ఐదు మాటల కబురు పంపుతుంది. వాట్సాప్ ఆ పనిని ఊరికే చేస్తుంది, ఫొటోతో సహా. లైట్ క్యాంట్రిప్‌కి (వెలుతురిచ్చే చిన్న మంత్రానికి) టార్చి ఉంది, కాంప్రహెండ్ లాంగ్వేజెస్‌కి అనువాదం యాప్ ఉంది. ఒక్క ఫోను పది స్పెల్స్‌ని మింగేసింది.

చాలామంది డీఎంలు (డంజన్ మాస్టర్లు, అంటే కథ నడిపేవాళ్లు) ఇక్కడ "సిగ్నల్ లేదు" అంటారు. ఒకసారి చెల్లుతుంది. మూడోసారి అంటే ఆటగాళ్లు మీ మొహంలోకి చూస్తారు. బ్యాటరీ అయిపోయిందన్నా అంతే.

ఫోనుని లాక్కోకండి, వాడనివ్వండి. వాడిన ప్రతిసారీ ఒక ఆనవాలు మిగలనివ్వండి. గుంపు మొత్తానికి కలిపి ఒకే లెక్క, టేబుల్ మధ్యలో చింతగింజలతో. మా ఇంట్లో పచ్చీసు ఆడే గింజలే వాడతాం.

ఏ పనికి ఎన్ని గింజలు:

- గొడవ జరిగిన చోట కెమెరాలో మొహం పడితే 1
- ఆ చుట్టుపక్కల యూపీఐతో డబ్బు కడితే 1
- మీ నంబరు నుంచి 112కి చేస్తే 1
- తుపాకి పేలితే 2
- జనం మధ్య మంత్రం వేస్తే, ఎవరైనా వీడియో తీస్తే 3

గింజలు పెరిగితే ఏమవుతుంది:

- 3 అయితే: కానిస్టేబుల్ ఒక పాత్ర ఇంటికొచ్చి మర్యాదగా నాలుగు ప్రశ్నలు వేస్తాడు, వాళ్లమ్మ ముందే
- 5 అయితే: స్టేషన్‌కి రమ్మని ఫోను, ఆఫీసులో గుసగుసలు
- 7 అయితే: కేసు నమోదు, ఎవరో ఒకరిని వెతుకుతున్నారు
- 10 అయితే: మాయని దాచే పని పెట్టుకున్నవాళ్లకి మీ పేర్లు తెలిశాయి

ఏ గొడవా లేకుండా ఒక వారం గడిస్తే ఒక గింజ తీసేయండి.

ఇది పెట్టాక మా టేబుల్ మీద ఏం మారిందో ఒక్క ఉదాహరణ. బేగంబజార్‌లో ఒక గోడౌన్, బయట వాచ్‌మన్. అంతకు ముందైతే మా బార్డు (పాటగత్తె పాత్ర) చార్మ్ పర్సన్ అనే వశీకరణ మంత్రం వేసి లోపలికి నడిచేది. ఆ రోజు గింజలు నాలుగున్నాయి. బార్డు వాటిని చూసింది, కెమెరా ఎక్కడుందని అడిగింది, టీ కొట్టు ఎంత దూరమని అడిగింది. తర్వాత జేబులోంచి నోట్లు తీసి రెండు టీలు కొని ("ఫోన్‌పే వద్దులే అన్నా, క్యాష్ ఇస్తా"), వాచ్‌మన్ పక్కన కూర్చుని వాళ్ల ఊరి గురించి అడగడం మొదలెట్టింది. పర్సుయేషన్ (ఒప్పించే నైపుణ్యం), డీసీ 13, అంటే 13 వస్తే చాలు. పాచిక మీద 15 పడింది. ఒక్క స్పెల్ స్లాటూ (మంత్రం వేసే వంతు) ఖర్చు కాలేదు.

## 4. స్పెల్స్‌ని ఒక్కొక్కటిగా వడపోయడం

ఓపికగా చేయాల్సిన పని. ఆటగాళ్లు ఎంచుకున్న స్పెల్స్ మాత్రమే చూడండి, మొత్తం జాబితా అక్కర్లేదు. ప్రతిదాన్నీ మూడు ప్రశ్నలు అడగండి: ఫోను ఈ పని చేస్తుందా? కెమెరాకి ఇది ఎలా కనిపిస్తుంది? మర్నాడు ఎదుటివాడు ఎవరికి చెబుతాడు?

ఫోను మింగేసిన వాటికి పరిహారం ఇవ్వాలి. సెండింగ్‌ని మా ఆటలో ఎవరూ ట్యాప్ చేయలేరు, గింజ పడదు. అంతే, దానికి మళ్లీ గిరాకీ వచ్చింది.

కెమెరా సంగతిలో ఒకే నియమం పెట్టుకుని మారకుండా ఉండండి. నాది ఇదీ: వెలుతురుని మార్చే మాయ కెమెరాని మోసం చేస్తుంది, బుర్రని మార్చే మాయ చేయదు. డిస్‌గైజ్ సెల్ఫ్, ఇన్‌విజిబిలిటీ కెమెరా ముందూ పనిచేస్తాయి. బుర్రలో భ్రమ పుట్టించే ఫాంటాస్మల్ ఫోర్స్ చేయదు. అంటే గార్డు పులిని చూసి పారిపోతాడు, ఫుటేజీలో మాత్రం ఖాళీ కారిడార్‌లో పరుగెత్తుతున్న గార్డు కనిపిస్తాడు.

ఇన్‌విజిబిలిటీ కనపడకుండా చేస్తుంది, అంతవరకే. మాల్ ఆటోమేటిక్ తలుపు తెరుచుకుంటుంది. లిఫ్టులో బరువు లెక్క పెరుగుతుంది. మెట్రో స్టేషన్‌లో మెటల్ డిటెక్టర్ కూస్తుంది.

చార్మ్ పర్సన్ గంటసేపే ఉంటుంది, అయిపోయాక తన మీద మాయ జరిగిందని ఎదుటివాడికి తెలుస్తుంది. రూల్ పుస్తకంలో ఉన్నదే ఇది, గుహల్లో ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఆ మనిషికి యూనియన్ ఉంది, బావమరిది ఉన్నాడు, లోకల్ ఛానల్లో తెలిసినవాడు ఉన్నాడు.

స్పీక్ విత్ డెడ్‌ని చూసి భయపడకండి. ఐదే ప్రశ్నలు, శవానికి నోరుండాలి, అది నిజమే చెప్పాలని లేదు. పైగా మార్చురీలోకి ముందు వెళ్లాలి కదా. ఆ వెళ్లడమే ఒక సెషన్.

నాక్ తాళం తీస్తుంది, ఆ చప్పుడు మూడు వందల అడుగుల దాకా వినిపిస్తుంది. అపార్ట్‌మెంట్‌లో అర్ధరాత్రి అది ఎంత పెద్ద సంగతో చెప్పక్కర్లేదు.

విజర్డ్ ఆడేవాడు తప్పకుండా అడిగేది: "స్పెల్‌బుక్‌ని ఫొటో తీసుకోవచ్చా?" రూల్ ప్రకారం కొత్త స్పెల్ ఎక్కించడానికి ఒక్కో స్పెల్ లెవెల్‌కి రెండు గంటలు, 50 బంగారు నాణేలు పడతాయి. ఫొటో ఆ ఖర్చుని తప్పించకూడదు. నా తీర్పు: ఫొటో చూసి చేత్తో రాసుకోవచ్చు, ఫొటో చూసి మంత్రం వేయలేవు.

## 5. తుపాకులు, ఎట్టకేలకు

2014లో డీఎంల కోసం వచ్చిన గైడులో ఆధునిక తుపాకుల అంకెలు ఉన్నాయి. ఆటోమేటిక్ పిస్టల్ 2డీ6, రివాల్వర్ 2డీ8, హంటింగ్ రైఫిల్ 2డీ10. ఒకటో లెవెల్ విజర్డ్‌కి ఉండేది ఏడో ఎనిమిదో హిట్ పాయింట్లు. రివాల్వర్ సగటు దెబ్బ 9. ఒక్క గుండుకి నేలమీద పడతాడు.

దీనికి రెండు సవరణలు. ఒకటి, తుపాకి దెబ్బకి పాత్ర చురుకుదనం, అంటే డెక్స్‌టెరిటీ కలపొద్దు. గురికి కలపండి, దెబ్బకి వద్దు. రెండు, మూడో లెవెల్ దాకా శత్రువుల చేతుల్లో తుపాకులు కనిపించొద్దు.

రెండోది హైదరాబాద్‌లో సహజంగానే కుదురుతుంది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి పెట్టుకోకూడదు, ఆ లైసెన్సు అంత సులువుగా రాదు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి గరిష్ఠంగా రెండే. అమెరికాలో రాసిన ఆధునిక రూల్సు ప్రతి డ్రాయర్‌లోనూ పిస్టల్ ఉంటుందనుకుని నడుస్తాయి. మన ఊళ్లో పిస్టల్ కనిపించిందంటే అదే పెద్ద వార్త. దాన్ని లాంగ్‌స్వోర్డ్‌లా కాకుండా మ్యాజిక్ ఐటంలా చూడండి. గుండ్లు లెక్కపెట్టించండి, పేలితే రెండు గింజలు.

అందుకే మా ఆటలో వార్‌లాక్‌కి (ఏదో శక్తితో ఒప్పందం చేసుకున్న మాంత్రికుడికి) భలే గిరాకీ. ప్యాక్ట్ ఆఫ్ ది బ్లేడ్ తీసుకుంటే ఆయుధం గాల్లోంచి చేతిలోకి వస్తుంది. మెట్రో స్కానర్‌లో బ్యాగులో టిఫిన్ బాక్సే కనిపిస్తుంది.

## 6. కవచం లేని లోకంలో ఏసీ

దీన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. చెయిన్ మెయిల్ (ఇనుప గొలుసుల కవచం), షీల్డ్ ఉన్న ఫైటర్ (యోధుడు) ఏసీ 18. గాబ్లిన్ (చిన్న రాక్షసుడు) డీ20కి 4 కలిపి కొడితే వందకి 35 సార్లు తగులుతుంది. అదే ఫైటర్ టీషర్టులో ఇరానీ హోటల్లో కూర్చుంటే ఏసీ 12, వందకి 65 సార్లు తగులుతుంది. దాదాపు రెట్టింపు. మీరు ఏమీ మార్చకుండానే ఫైట్లన్నీ ప్రాణాంతకమైపోయాయి.

సవరణ సులువు: మామూలు బట్టల్లో ఉన్నప్పుడు ఏసీకి ప్రొఫిషియెన్సీ బోనస్ కలపండి. 12 కాస్తా 14 అవుతుంది, దెబ్బ తగిలేది వందకి 55. బార్బేరియన్, మాంక్‌లకి కవచం లేకుండా సొంత లెక్క ఉంది, వాళ్లకి ఇది ఇవ్వొద్దు.

రైడింగ్ జాకెట్‌కి లెదర్ అంకెలు, బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాకి చెయిన్ షర్ట్ అంకెలు సరిపోతాయి. వీటికి బోనస్ కలవదు. రెండోది వేసుకుని బజారెక్కితే ఒక గింజ.

## 7. నైపుణ్యాలు, బళ్లు

ఉన్నవి పద్దెనిమిది. రెండు కలపండి: కంప్యూటర్లు (ఇంటెలిజెన్స్), డ్రైవింగ్ (డెక్స్‌టెరిటీ). అక్కడ ఆగిపోండి. ఫైనాన్స్, లా, సోషల్ మీడియా అని పెంచుకుంటూ పోతే ప్రతివాడి దగ్గరా ఒక్కో ముక్క ఉంటుంది, ఎవడూ దేంట్లోనూ మొనగాడు కాడు. లాయర్ పాత్రకి లాయర్ పనుల్లో అడ్వాంటేజ్ ఇస్తే చాలు.

సర్వైవల్‌ని (అడవిలో దారి వెతుక్కుని బతికే నైపుణ్యాన్ని) తీసేయకండి. ఊళ్లో అదే వీధిజ్ఞానం: ఏ సందు ఎటు తేలుతుంది, ఏ టైములో ఏ రోడ్డు జామ్ అవుతుంది.

బండి వెంటపడే సీన్లని గళ్ల మ్యాపు మీద ఆడొద్దు. ఆరు సెకన్ల రౌండులో మనిషి నడిచేది 30 అడుగులు. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బైకు అదే రౌండులో దాదాపు 220 అడుగులు పోతుంది, అంటే ఐదడుగుల గళ్లు 44. మీ డైనింగ్ టేబుల్ చాలదు. మూడు రౌండ్లు, ఇద్దరి డ్రైవింగ్ చెక్‌లు పోటీగా, రెండు గెలిచినవాడిది సీను. ప్రతి రౌండుకీ ఒక అడ్డం చెప్పండి: రాంగ్ రూట్‌లో ఆటో, గణేశ్ ఊరేగింపు, ఫ్లైఓవర్ కింద నీళ్లు.

## 8. డబ్బు

బంగారు నాణేన్ని రూపాయల్లోకి మార్చబోయి నేనొక సాయంత్రం పాడుచేసుకున్నాను. రూల్ ప్రకారం యాభై నాణేలు ఒక పౌండు బరువు (సుమారు 450 గ్రాములు), అంటే నాణెం తొమ్మిది గ్రాములు. గ్రాము పదివేలనుకున్నా నాణెం తొంభై వేలు. లాంగ్‌స్వోర్డ్ పదిహేను నాణేలు, పదమూడున్నర లక్షలు! వేటకొడవలికి.

మార్పిడి వదిలేయండి. ప్రతి పాత్రకీ 0 నుంచి 5 దాకా ఒక స్థితి అంకె ఇవ్వండి. 1 అంటే షేరింగ్ రూము, 3 అంటే ఈఎంఐ మీద ఫ్లాటు, 5 అంటే గేటెడ్ విల్లా. స్థితికి లోబడిన వస్తువు ఊరికే వస్తుంది. పైదైతే నెలకోసారి కొనొచ్చు, ఆ నెల స్థితి ఒకటి తగ్గుతుంది.

ఖరీదైన దినుసు కావాల్సిన స్పెల్స్‌కి మాత్రం నాణేనికి వెయ్యి రూపాయలు. ఇప్పుడే చచ్చినవాణ్ని లేపే రివివిఫైకి 300 నాణేల వజ్రాలు, అంటే మూడు లక్షలు. ఫ్రెండ్‌ని బతికించడానికి అమ్మ నగలు తాకట్టు పెట్టిన క్లెరిక్ మా టేబుల్ మీద ఉంది. ఆ సీను ఎవరూ మర్చిపోలేదు.

## 9. గాయాలు, నిద్ర

ఎనిమిది గంటలు పడుకుంటే హిట్ పాయింట్లన్నీ తిరిగొస్తాయి. గుండు తగిలినవాడు పొద్దున్నే ఆఫీసుకెళ్తే నవ్వొస్తుంది. గైడులోనే ఉన్న కఠిన పద్ధతి తీసుకోండి: షార్ట్ రెస్ట్ ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు. ఊళ్లో ఫైట్లు వారానికి ఒకటో రెండో జరుగుతాయి కాబట్టి లెక్క సరిపోతుంది, వారం గడిస్తే గింజ తగ్గే నియమంతోనూ కలిసొస్తుంది.

108 పిలవొచ్చు, ఆసుపత్రికి వెళ్లొచ్చు. కత్తిపోటో గుండు దెబ్బో అయితే డాక్టరు మెడికో లీగల్ కేసు రాస్తారు, పోలీసులకి కబురు వెళ్తుంది. రెండు గింజలు. క్లెరిక్ విలువ అప్పుడు తెలుస్తుంది.

## 10. తరచూ చేసే తప్పులు

ప్రతి ఫైట్‌కీ పోలీసులు వెంటనే రావడం. వస్తారు, ఎప్పుడొస్తారన్నదే ప్రశ్న. 1డీ6 + 4 నిమిషాలు వేయండి. ఫైట్ సాధారణంగా ఒక నిమిషంలో అయిపోతుంది, మిగిలిన టైము సాక్ష్యాలు తుడుచుకోవడానికి. ఆ తొందరే బావుంటుంది.

పోలీసుల్ని దద్దమ్మల్ని చేయడం. ఆటగాళ్లకి భయం పోతుంది. ఒక ఎస్సైకి పేరు, ఇన్‌సైట్ (అబద్ధం పసిగట్టే నైపుణ్యం) +5 ఇవ్వండి. మళ్లీ మళ్లీ ఆయనే రావాలి.

అన్నీ తెలిసిన హ్యాకర్. కంప్యూటర్లు నైపుణ్యం ఉన్నవాడు ప్రతి తాళాన్నీ సోఫాలో కూర్చుని తీసేస్తాడు. ఒక్కో ప్రయత్నానికి ఒక గంట, ఓడితే ఒక గింజ.

రూల్సు ఎక్కువ రాయడం. మీ మార్పులన్నీ ఏ4 కాగితం ఒక వైపు పట్టాలి. పట్టకపోతే ఏడో భాగం నుంచి కోత మొదలుపెట్టండి, మూడో భాగం జోలికి మాత్రం వెళ్లొద్దు.

## 11. ట్రయల్ సెషన్

క్యాంపెయిన్ (చాలా సెషన్లు సాగే కథ) మొదలుపెట్టే ముందు మూడు గంటల ట్రయల్ ఆడండి, రెడీమేడ్ మూడో లెవెల్ పాత్రలతో. ఒక ఆరా తీసే సీను, ఒక వెంటపడే సీను, ఒక ఫైటు. అయిపోయాక చూడాల్సినవి:

- గింజలు 3కీ 6కీ మధ్య ఆగాయా? తక్కువైతే కెమెరాలు పెంచండి, ఎక్కువైతే వీడియో శిక్ష రెండుకి తగ్గించండి
- ఫైటులో ఎవరైనా ఒక్క దెబ్బకి పడిపోయారా? అయితే ఏసీ బోనస్ మర్చిపోయి ఉంటారు
- స్పెల్ వాడని విజర్డ్ ఉన్నాడా? భయపడ్డాడో, ఫోను చాలనుకున్నాడో అడగండి
- "సిగ్నల్ లేదు" అని మీరు ఎన్నిసార్లు అన్నారు?
- ఎవరైనా 112కి చేశారా? చేస్తే అవతల ఎత్తినవాళ్లు ఏం అడిగారో మీ దగ్గర రాసి ఉందా? పేరు, చోటు, ఫోన్ నంబరు అడుగుతారు. ఆ మూడింటికీ ఆటగాడు నోటితో జవాబు చెప్పేదాకా ఆగండి